బేసినమ్మ చూసిన తాడు

ప్రసూతి వార్డులో ఆమెను అందరూ బేసినమ్మ అనే పిలిచేవారు. అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ తెలియదు. ఎప్పుడైనా ఆయన ఆ పేరు పెట్టి పిలిస్తే ఎవరినో అనుకుని ఆమె వెనక్కి తిరిగి చూసేది. ఇరవై ఏడేళ్ళుగా అక్కడ ఆయా పని. బిడ్డ బయటపడగానే అందరి కళ్ళూ బిడ్డ మీదికి పోతాయి కదా, ఆ వెనకాల వచ్చే మాయ సంగతి చూసేది ఈమె. స్టీలు బేసిన్‌లోకి పట్టి, కుళాయి కింద నెత్తురు పోయేదాకా కడిగి, రెండు అరచేతుల మీద పరిచి లైటు కింద నిలబడితే, హెడ్ సిస్టరు వచ్చి చూసేది. ముక్క ఏదీ లోపల మిగల్లేదని తేల్చుకుని రిజిస్టరులో 'పూర్తి' అని రాసేది. మిగిలితే 'అసంపూర్తి'. అంతకు మించి రాయడానికి ఆ పుస్తకంలో గడి లేదు. బొడ్డుతాడు ఎంత పొడవుంది, ఎక్కడ అతుక్కుంది అని ఎవరూ అడగరు, ఎవరూ రాయరు.

పుస్తకంలో గడి లేకపోతేనేం, ఆమెకు కళ్ళున్నాయి. బొడ్డుతాడు మాయకు సరిగ్గా నడుమ దిగినవి చూసింది, అంచున దిగినవి చూసింది. ముడి పడిన తాడు చూసింది. కోసిన కొసన మూడు నాళాల రంధ్రాలు కనిపించాల్సింది రెండే ఉన్నవీ చూసింది. ఎన్ని చూశావు బేసినమ్మా అని కొత్తగా వచ్చిన నర్సులు అడిగితే, నీ తలలో వెంట్రుకలు లెక్కపెట్టుకురా, అప్పుడు చెప్తాననేది.

కానీ అక్కడ చూసినది ఏదీ గుమ్మం దాటనిచ్చేది కాదు. దానికో కారణం ఉంది. పనిలో చేరిన కొత్తలో ఒక చిన్న వయసు పిల్ల కాన్పులో బిడ్డ పోయింది. వరండాలో నిలబడ్డ ఆ పిల్ల అత్తగారు ఏమైంది ఏమైంది అని ప్రాణం తీస్తుంటే, జాలిపడి, తాడు మెడకు చుట్టుకుని ఉందమ్మా అని ఒక్క మాట అంది. ఏడాది తిరిగాక ఆ పిల్లే మళ్ళీ కాన్పుకు వచ్చింది. పట్టుకుంటే విరిగిపోయేలా చిక్కిపోయి ఉంది. చేతులు పైకెత్తి బట్టలు ఆరేశావు, అందుకే తాడు చుట్టుకుంది, నువ్వే చంపుకున్నావు అని ఏడాది పొడవునా ఇంట్లో ఆ పిల్లను మాటలతో కాల్చుకు తిన్నారట. "నువ్వు ఆ మాట అనకుండా ఉండాల్సిందమ్మా" అంది ఆ పిల్ల. కోపంగా కూడా అనలేదు, మంచినీళ్ళు అడిగినట్టు అంది. ఆ రోజు నుంచి బేసినమ్మ నోటికి తాళం వేసుకుంది.

ఆ తాళమే సొంత ఇంట్లోనూ వేసుకుంటుందని ఆమె మాత్రం ఏం ఎరుగును.

బేసినమ్మకు ఒక్కడే కొడుకు. లిఫ్టులు బాగుచేసే పని. కోడలు కళ్ళజోళ్ళ కొట్టులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. మెత్తటి మనిషి, మాటకు మాట అందించే మనిషి. అత్తగారి కళ్ళజోడుకు అద్దాలు మార్చినప్పుడు, "ఇక మీకు నా వంటలో తప్పులు కూడా కనిపిస్తాయి అత్తయ్యా, జాగ్రత్త" అన్న పిల్ల. రెండేళ్ళ కిందట ఎనిమిది నెలలు నిండి తొమ్మిదో నెల నడుస్తుండగా, ఒక ఉదయం పళ్ళు తోముకుంటూ ఉంటే ఉమ్మనీరు పోయింది. నీటితో పాటు నెత్తురు. ఆస్పత్రి ఇంటికి పావుగంట దూరం. చేరేసరికి లోపల గుండె చప్పుడు వినిపించలేదు.

సొంతవాళ్ళ కాన్పులో ఆయాలు లోపల ఉండకూడదని రూలు. అయినా ఆ పూట రెండో ఆయా సెలవు, మూడు టేబుళ్ళ మీద మూడు కాన్పులు, డ్యూటీ డాక్టరు ఒక టేబులు నుంచి ఇంకో టేబులుకు పరుగులు. బేసిన్లో మాయ ఎవరో ఒకరు కడగాలి. ఆమే కడిగింది.

లైటు కింద పరిచి చూస్తే తాడు మాయ దాకా రానే లేదు. జానెడు దూరంలో, పల్చటి పొరలోనే ఆగిపోయింది. అక్కడి నుంచి నాళాలు విడివిడిగా, పైన ఏ కాపూ లేకుండా, ఆ పొర వెంబడి పాకి మాయను అందుకున్నాయి. తాడు చుట్టూ మామూలుగా ఉండే మెత్తటి జిగురు వాటికి లేదు. నీరు పోవడానికి పొర చిరిగిన చోటే అందులో ఒకటి తెగి ఉంది. అంటే పోయిన నెత్తురు తల్లిది కాదు, బిడ్డది. పిడికెడు బిడ్డ ఒంట్లో ఎంత నెత్తురుంటుంది. చదువు లేని మనిషికి కూడా అది అర్థమైంది. హెడ్ సిస్టరు హడావిడిగా వచ్చి, ముక్కలన్నీ ఉన్నాయా అని చూసి, 'పూర్తి' అని రాసి వెళ్ళిపోయింది. బేసినమ్మ దాన్ని ఆస్పత్రి వ్యర్థాల పసుపు సంచిలో వేసి మూతి కట్టేసింది.

ఇంటికొచ్చాక ఎవరికీ చెప్పలేదు. కోడలి ఒంట్లో ఏదో లోపం ఉందని కొడుకు అనుకుంటాడేమో, వాళ్ళింటి వైపు వాళ్ళు, వీళ్ళింటి వైపు వాళ్ళు తలా ఒక మాట అంటారేమో అని. పిల్లను కాపాడుతున్నాననే అనుకుంది. చెప్పొద్దూ, ఆమె చేసిన పెద్ద పొరపాటు అదే. ఎవరూ కారణం చెప్పకపోతే మనిషి ఊరుకుంటుందా, తనే ఒకటి వెతుక్కుంటుంది. నీరు పోవడానికి ముందు రోజు కొట్టులో పై అరలో ఉన్న ఫ్రేముల పెట్టె అందుకోవడానికి కోడలు స్టూలు ఎక్కింది. ఆ స్టూలు పట్టుకుని కూర్చుంది. "స్టూలెందుకు ఎక్కావు" అని కొడుకు ఒక్కసారి, ఒకే ఒక్కసారి అన్నాడు. మర్నాడు తెల్లారేసరికి ఇంట్లో ఉన్న స్టూలు తీసుకెళ్ళి ఎవరికో ఇచ్చేశాడు. ఆ స్టూలు చేసిన పాపం ఏమిటో ఎవరికీ తెలియదు. అప్పటి నుంచి బల్బు మార్చాలంటే డైనింగ్ టేబులు లాగుతారు.

కోడలు పనికి వెళ్ళేది, వచ్చేది, వండేది, నవ్వాల్సిన చోట నవ్వేది. లోపల మనిషి మాత్రం మొద్దుబారిపోయింది. సూదితో గుచ్చినా, ఎవరిని గుచ్చారు అని అడిగేలా ఉండేది.

రెండేళ్ళకు మళ్ళీ నెల తప్పింది. ఐదో నెలలో చేయాల్సిన స్కానింగుకు చీటీ రాసిచ్చారు. ఆ చీటీ ఫ్రిజ్ తలుపు మీద రెండు వారాలు ఉండిపోయింది.

"మంగళవారం వెళ్దామా?" అన్నాడు కొడుకు.

"మంగళవారం కొట్టులో సరుకు వస్తుంది."

"గురువారం?"

"చూద్దాం."

"ఏం చూద్దాం? రెండు వారాలుగా చూద్దాం అంటున్నావు."

"పోయినసారి అన్ని స్కాన్లూ చేయించాంగా" అంది కోడలు, గిన్నె తుడుస్తూ. "అన్నీ బాగున్నాయనే రాశారు. ఇప్పుడూ అలాగే రాస్తారు. ఆ కాగితం కోసం సగం రోజు పోగొట్టుకోవడం ఎందుకు? ఉండేది ఉంటుంది. పోయేది పోతుంది."

కొడుకు తల్లి వైపు చూశాడు. ఆమె ఉల్లిపాయల బుట్టలోకి చూసింది.

మర్నాడు మధ్యాహ్నం, రోగులు లేని వేళ చూసి, బేసినమ్మ స్కానింగు గదిలోకి వెళ్ళింది. డాక్టరమ్మ మెషిను తుడుచుకుంటోంది.

"ఏంటి బేసినమ్మా, ఏమన్నా విశేషమా?"

"నాకు విశేషమైతే పేపర్లో వేస్తారు లెండి. మా కోడలికి. ఐదో నెల. ఒక్క మాట డాక్టరమ్మా, దాని స్కాన్ చేసేటప్పుడు తాడు ఎక్కడ అతుక్కుందో కాస్త చూస్తారా? పొరలో అతుక్కుందా, మాయకే అతుక్కుందా అని."

డాక్టరమ్మ తుడవడం ఆపింది. "పోయినసారి అలా ఉందా? కాగితాల్లో ఉందా?"

"కాగితాల్లో లేదు."

"మరి నీకెలా తెలుసు?"

"నేనే కడిగాను."

డాక్టరమ్మ చేతిలో గుడ్డ పక్కన పెట్టింది. తరవాత కుర్చీ చూపించి కూర్చోమంది. బేసినమ్మ కూర్చోలేదు. చూసినదంతా నిలబడే చెప్పింది, ఎంత దూరంలో అతుక్కుంది, నాళం ఎక్కడ తెగింది, చేత్తో కొలిచి చూపించింది.

"దీన్ని ముందే కనిపెట్టొచ్చు" అంది డాక్టరమ్మ. "మామూలు స్కానులో మాయ ఎక్కడుందో చూసి వదిలేస్తారు ఒక్కోసారి, తాడు దిగిన చోటు వెతకరు. రంగుల స్కాన్‌లో నెత్తురు పారుతూ కనిపిస్తుంది. నాళాలు గర్భసంచి ముఖద్వారం మీదుగా వెళ్తుంటే, నీరు పోకముందే ఆపరేషన్ చేసి బిడ్డను తీసేస్తాం. తెలిస్తే దాదాపు అందరు బిడ్డలూ బతుకుతారు. తెలియకపోతేనే."

"అయితే చూడండి."

"చూస్తాను. కానీ ఆ అమ్మాయి రావాలిగా. ఒకవేళ కనిపిస్తే నెలల తరబడి జాగ్రత్తగా ఉండాలి, ముందే వచ్చి వార్డులో పడుకోవాలి. ఎందుకో తెలియకుండా ఎవరు పడుకుంటారు? నువ్వే చెప్పు ఆమెకు."

"మీరు చెప్పకూడదా?"

"నేను కడగలేదుగా" అంది డాక్టరమ్మ.

ఆ సాయంత్రం కోడలు ఆరిన బట్టలు మడత పెడుతోంది. కొడుకు ఇంకా రాలేదు. బేసినమ్మ ఎదురుగా కూర్చుని, తనూ ఒక తువ్వాలు అందుకుంది. దాన్ని మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది.

"ఆ తువ్వాలు ఏం చేసింది అత్తయ్యా?"

"అమ్మాయ్, నువ్వు స్టూలు ఎక్కినందుకు కాదు."

కోడలు చేతులు ఆగలేదు. చొక్కా గుండీలు పెడుతూనే ఉంది.

"బిడ్డ పోయింది స్టూలు వల్ల కాదు. తాడు మాయకు అతుక్కోలేదు, పొరకు అతుక్కుంది. నీరు పోయినప్పుడు పొరతో పాటు నాళం తెగింది. నువ్వు ఏం చేసినా, చేయకపోయినా అదే జరిగేది. నేను చూశాను. ఆ రోజే చూశాను."

"ఆ రోజే."

"ఆ రోజే."

చొక్కా మడత అయిపోయింది. కోడలు దాన్ని దొంతర మీద పెట్టి అంచులు సరిచేసింది.

"నేను రోజూ రాత్రి పడుకునేటప్పుడు ఆ స్టూలు ఎక్కి దిగుతాను" అంది. "ఎన్ని మెట్లో కూడా తెలుసు. రెండే. ఒకటి ఎక్కుతాను, రెండోది ఎక్కుతాను, పెట్టె అందుకుంటాను. ఒక్కోసారి ఎక్కకుండా వెనక్కి తిరుగుతాను. అప్పుడు నిద్ర పడుతుంది." దొంతర మీద నుంచి చెయ్యి తీసింది. "రెండేళ్ళు నన్ను ఆ స్టూలు మీదే నిలబెట్టి ఉంచారన్నమాట."

"నిన్ను ఎవరూ ఏమీ అనకూడదని..."

"ఎవరూ ఏమీ అనలేదు అత్తయ్యా. నేనే అనుకున్నాను."

అరుస్తుందేమో, ఏడుస్తుందేమో, బట్టల దొంతర విసిరికొడుతుందేమో అని బేసినమ్మ కాచుకుని కూర్చుంది. విసిరికొట్టినా బాగుండేది. కోడలు బట్టలు బీరువాలో సర్ది, ఫ్రిజ్ దగ్గరకు వెళ్ళి, చీటీ తీసి సంచిలో పెట్టుకుంది.

"గురువారం వెళ్తాను. మీరూ రండి. ఎలా ఉంటుందో మీకే తెలుసు."

గురువారం ముగ్గురూ వెళ్ళారు. స్కానింగు గదిలో దీపాలు తగ్గించారు. డాక్టరమ్మ ముందు తల కొలిచింది, గుండె చూసింది, వెన్ను చూసింది, అన్నీ బాగున్నాయంది. అది విని కొడుకు ఊపిరి వదిలాడు. తరవాత రంగు పెట్టింది. తెర మీద ఎరుపూ నీలమూ మెదిలాయి. డాక్టరమ్మ చెయ్యి ఒక చోట ఆగింది, కిందికి జరిగింది, మళ్ళీ ఆగింది. లోపలి నుంచి కూడా చూడాలంది. మొగుణ్ణి బయట ఉండమంది కోడలు, అత్తగారిని ఉండమంది. చాలాసేపు పట్టింది. తెర మీద ఎర్రటి గీత ఒకటి, ద్వారానికి అడ్డంగా, దారి మీద పడుకున్న మనిషిలా కదలకుండా ఉంది. కొట్టుకుంటోంది. బిడ్డ గుండెతో పాటే కొట్టుకుంటోంది.

బేసినమ్మ దాన్ని గుర్తుపట్టింది. చచ్చిన వాటినే చూసింది ఇన్నాళ్ళూ, బతికున్నది చూడటం అదే మొదలు.

కొడుకును లోపలికి పిలిచి డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. "ఒకసారి ఇలా వచ్చిన వాళ్ళకు మళ్ళీ రావాలని లేదు. చాలామందికి రాదు. ఈమెకు వచ్చింది. కడుపు పెరిగే కొద్దీ ఒక్కోసారి పక్కకు జరుగుతుంది. ముప్పై రెండో వారంలో మళ్ళీ చూస్తాం."

"మనమే జరపలేమా డాక్టరుగారూ?" అన్నాడు కొడుకు. "మా లిఫ్టుల్లో కేబులు పక్కకు పోతే ఎత్తి మళ్ళీ..."

"లిఫ్టులో మనిషి ఉండగా కేబులు ముట్టుకుంటారా?"

"ముట్టుకోం."

"ఇక్కడా అంతే."

"నేను స్టూలు ఎక్కాను పోయినసారి" అంది కోడలు పడుకునే.

"దానికీ దీనికీ సంబంధం లేదమ్మా. తాడు ఎక్కడ అతుక్కోవాలో కడుపు నిలిచిన మొదటి వారాల్లోనే తేలిపోతుంది. నువ్వు మంచం దిగకపోయినా నీరు పోయిన రోజు ఆ నాళం తెగేది."

కోడలు తల ఊపింది, ఎవరి అద్దాల పవరో చెప్తే రాసుకున్నట్టు. కొడుకు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. స్టూలు మాట మొదట అన్నది అతనే కదా. ఇంటికి వెళ్ళే దారిలో సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడు కొడుకు, "నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది" అన్నాడు. "సిగ్నల్ పడింది, పోనీ" అంది కోడలు.

నాళం పక్కకు జరగలేదు. ముప్పై రెండో వారంలో కోడలిని వార్డులో చేర్చుకున్నారు. కిటికీ పక్కన ఆరో నంబరు మంచం. బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి రెండు ఇంజెక్షన్లు, పొద్దునా సాయంత్రం బిడ్డ గుండె చప్పుడు గీసే కాగితం. ఒంట్లో ఏ నొప్పీ లేదు, లేచి నడవగలదు, నవ్వగలదు, అయినా వార్డు దాటి పోకూడదు. పక్క మంచాల వాళ్ళు వస్తున్నారు, కంటున్నారు, పోతున్నారు. ఈమె ఒక్కతే స్టేషన్లో బండి తప్పిపోయిన మనిషిలా కూర్చుంది.

బేసినమ్మ డ్యూటీ కూడా అక్కడే. దుప్పటి మార్చడానికి వస్తే కోడలు మిగతా రోగుల్లాగే, "ఆయమ్మా, కాస్త కిటికీ తీయండి" అనేది. అత్తయ్యా అనేది కాదు. ఎగతాళీ కాదు, కోపమూ కాదు. బేసినమ్మ కిటికీ తీసేది.

"ఏంటమ్మా, సొంత కోడలే నిన్ను ఆయమ్మ అంటోంది" అంది హెడ్ సిస్టరు నవ్వుతూ.

"డ్యూటీలో ఉన్నానుగా సిస్టరమ్మా" అంది బేసినమ్మ. ఇంకేం అంటుంది.

"భయంగా ఉందామ్మా?" అని హెడ్ సిస్టరు కోడలిని అడిగింది ఒకరోజు.

కోడలు ఆలోచించి చెప్పింది. "తెలియడం లేదండి. ఉంటే చెప్తాను."

ఒక తెల్లవారుజామున దుప్పటి మీద చెమ్మ కనిపించింది. కోడలు బెల్లు నొక్కలేదు. అలాగే కూర్చుని చూస్తూ ఉంది. పొద్దుటి డ్యూటీకి అప్పుడే వచ్చిన బేసినమ్మ చూసింది, ముట్టుకుంది, ముక్కు దగ్గర పెట్టుకుంది. మంచినీళ్ళు. గ్లాసు ఒలికింది. అత్తాకోడళ్ళు ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"బెల్లు ఎందుకు నొక్కలేదు?"

"నొక్కితే నిజం అవుతుందని" అంది కోడలు. కాసేపాగి, "పోయినసారి మీరు చెప్పనిది కూడా ఇందుకేనా?"

"ఇందుకే కావచ్చు. ఏమో" అంది బేసినమ్మ. పొడి దుప్పటి వేసి, బెల్లు తాడు తీసి కోడలి చేతికి చుట్టింది. "ఎవరికి కోపమొచ్చినా సరే, ఎవరి నిద్ర చెడినా సరే, చెమ్మ తగిలితే నొక్కు."

ముప్పై ఐదో వారంలో, సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఆపరేషన్. సెలవు తీసుకోమంటే బేసినమ్మ తీసుకోలేదు. థియేటరు బయట వరండాలో తుడిచిన కిటికీనే మళ్ళీ తుడిచింది. కొడుకు బెంచీ మీద కూర్చుని చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. లోపల యంత్రాల హోరు, ఏడుపు వినిపించిందో లేదో తెలియలేదు. తొమ్మిదిన్నరకు నర్సు ఒక మూట పట్టుకుని గబగబా వచ్చింది.

"ఆడపిల్ల. రెండు కిలోల రెండొందలు. ఏడ్చింది. వెచ్చటి అద్దాల పెట్టెలో పెడుతున్నాం, ఊపిరికి కాస్త ఆసరా కావాలి, అంతే."

కొడుకు లేచి నర్సు వెనకే పరిగెత్తాడు. బేసినమ్మ అక్కడే నిలబడింది. సంతోషం వస్తుందని చూసింది. రాలేదు. గుడ్డ పిండి బకెట్ అంచున ఆరేసింది, చేతులు కడుక్కుంది, టీ తాగింది. టీలో పంచదార వేశారో లేదో కూడా తెలియలేదు.

మూడో రోజు కల్లా పిల్లకు ఊపిరి ఆసరా తీసేశారు. మధ్యాహ్నం కోడలు చక్రాల కుర్చీలో వెళ్ళి బిడ్డను చూసి వచ్చింది, మంచం మీద కూర్చుంది. బేసినమ్మ దిండు సర్దుతోంది.

"అప్పటి బిడ్డను మీరు చూశారా?"

"చూశాను."

"నాకు చూపించలేదు. తట్టుకోలేదు, చూపించవద్దు అన్నారట ఎవరో."

బేసినమ్మ దిండు వదిలేసింది. "నేనే అన్నాను."

కోడలు కిటికీ లోంచి చూసింది. కింద రోడ్డు మీద ఎవరో కారు వెనక్కి తీస్తున్నారు, ఇంకెవరో చెయ్యి ఊపుతూ దారి చూపిస్తున్నారు. కారు పూర్తిగా తిరిగేదాకా చూసింది.

"ఇది ఎవరి పోలికో చెప్పమంటున్నారు అందరూ" అంది. "నాకు చెప్పడం రావడం లేదు. మొదటి వాణ్ణి చూడలేదుగా, దేనితో పోల్చను? చెప్పండి. నాకు నొప్పి పుడుతుందని ఏదీ వదిలేయకండి."

పక్క మంచం పిల్ల నిద్రపోతోంది. హెడ్ సిస్టరు గుమ్మం దగ్గరికి వచ్చి, వీళ్ళను చూసి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వెళ్ళిపోయింది.

"తెల్లగా ఉన్నాడు" అంది బేసినమ్మ. "నెత్తురు పోయింది కదా, కాగితంలా ఉన్నాడు. జుట్టు ఒత్తుగా, నుదుటి మీదికి వచ్చింది. ఎడమ చెవి పై అంచు కొంచెం మడత పడి ఉంది, పడుకున్న చోట నొక్కుకుపోయినట్టు. నేను వేలితో విప్పాను, మళ్ళీ మడత పడింది. గోళ్ళు పెరిగి ఉన్నాయి. పాదాలు వాళ్ళ నాన్నవి, బొటనవేలి కంటే రెండో వేలు పొడుగు. ఒళ్ళు తుడిచాను. గోరువెచ్చటి నీళ్ళతోనే తుడిచాను. చన్నీళ్ళు చాలన్నారు, నేను వినలేదు."

కోడలి మొహంలో ఏమీ కదల్లేదు. చెంపల మీద నుంచి నీళ్ళు మాత్రం కారి మెడలోకి దిగుతున్నాయి, అవి ఎవరివో ఆమెకు తెలియనట్టు.

"ఇంకా?"

బేసినమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది.